నాంపల్లిలో నా బడ్డీ

నాంపల్లి స్టేషన్‌లో మధ్యాహ్నం రెండింటికి దిగాను. మే నెల. నల్ల ట్రంకు పెట్టె, బెడ్డింగు, డిశ్చార్జి కాగితాలు. పదిహేడేళ్లు ఫౌజులో ఎలక్ట్రీషియన్‌ని. చివరి పోస్టు ఉత్తర సిక్కిం. ఈ పోస్టు అబిడ్స్ సందులో ఒక ట్రైనింగ్ సెంటరు. మూడో అంతస్తు, రేకుల కప్పు. అక్కడ ప్రాక్టికల్ పాసైతే ఆసుపత్రిలో సూపర్‌వైజర్ ఉద్యోగం. లేకపోతే ఏటీఎం ముందు కుర్చీ, చేతిలో కర్ర.

పరీక్ష ఇద్దరు జోడీగా చెయ్యాలి. మొదటిసారి నాకు జోడీ రాలేదు. ఎగ్జామినరే ప్యానెల్ బోర్డు దగ్గర నిలబడ్డాడు.

"సప్లై బంద్ జేసిన. షురూ జెయ్."

మూత విప్పి వైరు పట్టుకున్నాను.

"అయిపోయింది. పో."

"ఏం తప్పు చేశాను సార్?"

"టెస్టర్ ఎందుకు పెట్టలే?"

"మీరు బంద్ అన్నారు కదా."

"నేనంటే? నేనేమన్న నీ కర్నల్‌నా? గీడ ఎవ్వని మాట నమ్మద్దు."

సిక్కింలో జనరేటర్ దగ్గర నా బడ్డీ ఉండేవాడు. ఫౌజులో ప్రతివాడికీ ఒక బడ్డీ. కాపలా, తిండి, గస్తీ జంటగానే. రేడియోలో అతను "లైన్ బంద్" అంటే మంచులో చేతి తొడుగు తీసి వైరు పట్టుకునేవాణ్ణి. ఆ మాటను టెస్టర్‌తో పరీక్షించాలన్న ఆలోచనే రాలేదు.

రెండోసారికి జోడీగా యాదగిరి వచ్చాడు. బేగం బజార్ గోదాముల్లో వైరింగ్ చేసేవాడు. సర్టిఫికెట్ లేనివాడికి సేట్లు పని ఇవ్వడం మానేశారు. నెల రోజులు కలిసి ప్రాక్టీసు చేశాం. ఒకడు సప్లై ఆపాలి, ఇంకొకడు టెస్ట్ చేసి పని మొదలెట్టాలి. నేను టెస్టర్ మరిచిపోతే నవ్వేవాడు.

"ఏంది ఫౌజీ అన్నా, బార్డర్ల తుపాకికి భయపడలే, గీ టెస్టర్‌ను జూస్తె భయమా?"

సాయంత్రం మొజంజాహీ మార్కెట్ మెట్ల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తినేవాళ్లం. అతన్ని బడ్డీ అని పిలవడం మొదలుపెట్టింది నేనే.

పరీక్ష ఉదయం వాన. లోపల ఉక్క. బోర్డు మీద రెండు మీటలు పక్కపక్కన. మా మోటారుది ఎడమది. కంగారులో యాదగిరి చెయ్యి కుడిదాని మీదికి వెళ్లింది. చూశాను. "పక్కది" అంటే చాలు. జోడీలో ఒకరినొకరు హెచ్చరించడం తప్పు కాదు, అది మాకు నేర్పిన పాఠమే. తప్పు లైను ఆపినవాడు అక్కడికక్కడే ఫెయిలవుతాడనీ తెలుసు.

కానీ లైనులో కరెంటు ఉందని టెస్టర్‌తో నేనే కనిపెడితే, ఎగ్జామినర్ ఇక నన్ను ఎలా ఫెయిల్ చేస్తాడు? తల వంచి పనిముట్లు సర్దుకున్నాను.

"సప్లై బంద్ అన్నా."

టెస్టర్ పెట్టాను. వెలిగింది.

"సప్లై ఉంది సార్."

ఎగ్జామినర్ యాదగిరికి తలుపు చూపించాడు. నా భుజం తట్టాడు. మిగతా పని చెమట పట్టకుండా చేశాను. పాసయ్యాను.

మా ఊరు ఏలూరు వెళ్లాను. మా ఆవిడ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించింది. వీధివాళ్లు శాలువా కప్పి, సైనికుడి అప్రమత్తత అంటే ఇదీ అన్నారు. మెడ వంచి కప్పించుకున్నాను. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు కూడా నేను బడ్డీని వదల్లేదు. ఒక ఉద్యోగం ఎదురుగా ఉన్నప్పుడు వదిలేశాను. వీధివాళ్లు అప్రమత్తత అన్నది దాన్నే.

నాంపల్లి తిరిగొచ్చి ఆసుపత్రి ఉద్యోగంలో చేరాక, చలికాలంలో సరుకులకు బేగం బజార్ వెళ్లాను. మిర్చి దుకాణంలో యాదగిరి బస్తాలు తూస్తున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"కరెంటు పని ఇడిసిపెట్టిన అన్నా. నా తోని నీ పానం పోతుండె. మల్ల ఎవ్వన్నన్న సంపుతనేమోనని భయం."

చెప్పాల్సిన చోటు అదే. మిర్చి ధర అడిగాను.

అతను నా కుడి చెయ్యి పట్టుకుని సేటు ముందుకు లాక్కెళ్లాడు. వేళ్లు ఒక్కొక్కటీ విప్పి చూపించాడు.

"సూడు సేట్, గీ చెయ్యే. దేవుని దయ, ఏం గాలే."

అరచేతిని తన చొక్కాతో తుడిచి, మెల్లగా మూసి, నాకు తిరిగిచ్చాడు.