మునిగేవాడి పడవ

దుబాయ్ డేరాలో క్రీక్ దాటించే అబ్రా పడవ ఎక్కినప్పుడల్లా సీటు కింద కుక్కిన లైఫ్ జాకెట్ల వాసన నాకు తగులుతుంది. ఉప్పునీళ్ళలో నాని, ఎండలో మాడి, మళ్ళీ నానిన గుడ్డ వాసన అది. పందొమ్మిదేళ్ళకే ఈ పిల్ల బాల్యం గురించి రాస్తోందేమిటని మీరు నవ్వుకోవచ్చు. నా బాల్యం పదమూడో ఏట, ఒకే ఒక్క మధ్యాహ్నం ఖలాస్ అయిపోయింది.

మా నాయన నెల్లూరు తీరం మనిషి. దుబాయ్‌కి గంట దూరంలోని ఉమ్మల్ ఖువైన్‌లో చేపల రేవు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను తెచ్చే పడవను అక్కణ్ణుంచే నడిపేవాడు. మొదట్లో అక్కడున్నది పదిమంది తాడు పట్టి ఇసుక మీద లాగాల్సిన చెక్క పడవట, తర్వాత ఒంటి ఇంజన్ ఫైబరు పడవ, మా కాలానికి రెండింజన్ల నారింజరంగుది. బడి మూసేసి పాఠాలు ట్యాబ్‌లోకి వచ్చిన ఆ ఏడు, అమ్మ మిషన్ కుట్టుకునే ఒంటిగదిలో నాకు చోటు లేక నాయన నన్ను షెడ్డుకు తీసుకెళ్ళేవాడు. ఎండాకాలం ఒళ్ళంతా జిగటగా చెమట, పండీ పండని ఖర్జూరాలు, చలికాలం పొద్దున్నే అవతలి ఒడ్డు కనపడనంత మంచు, మోకాళ్ళ దాకా వేలాడే జాకెట్ వేసుకుని దాని ఈల ఊదుతూ నేనాడిన ఆటలు, సాయంత్రానికి మస్తాన్ మామ తెచ్చే షేరీ చేపలు, రంజాన్ నెలలో అయితే గోధుమలూ మాంసమూ మెత్తగా ఉడికించిన హరీస్ గిన్నె. మామ మా ఊరివాడే. తనకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, పడవ మీద వేటకెళ్ళేవాడు. ముల్లు తీసి నా నోట్లో పెడితే గానీ తను తినేవాడు కాదు.

నాయన రోజూ టీ కూడా తాగకుండా ఇంజన్లు తిప్పి, మంచినీళ్ళతో కడిగి, పడవ ముక్కు తాకి కళ్ళకద్దుకునేవాడు. నా అన్నం డబ్బా కూడా అందులో పెట్టనిచ్చేవాడు కాదు.

"అది మనది కాదు తల్లీ, మునిగేవోడి పడవ. మన గుడ్డపేలిక కూడా దాంట్లో ఉండకూడదు," అనేవాడు.

జనవరిలో ఒకరోజు లెక్కల పరీక్ష మధ్యలో ట్యాబ్ ఆరిపోయేలా ఉంది, షెడ్డులో ఉన్న ఒక్క ప్లగ్గూ పాడైంది. నాయన పెట్రోలు తేవడానికి వెళ్ళాడు. నేను పడవెక్కి బ్యాటరీ స్విచ్ వేసి ట్యాబ్ తగిలించాను. దాంతోపాటు పైన సెర్చ్‌లైటూ వెలిగింది గానీ, మిట్టమధ్యాహ్నం ఎండలో అది నా కంటికి ఆనలేదు. పరీక్ష బాగా రాశానన్న సంతోషంలో స్విచ్ ఆర్పకుండానే నిద్రపోయాను.

ఉత్తరం నుంచి షమాల్ గాలి లేచింది. రేవు బయట మస్తాన్ మామ పడవ తిరగబడిందని కేకలు. పెట్రోలుతో తిరిగొచ్చిన నాయన తాళం తిప్పితే ఇంజన్ టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఎవరిదో పికప్ బండి బ్యాటరీ విప్పి తెచ్చి బిగించేసరికి పావుగంట పట్టింది. తిరగబడ్డ పడవకు వేలాడుతున్న బంగ్లాదేశీ ఒక్కడే ఒడ్డుకొచ్చాడు. "అభీ ఛోడా, భాయ్! అభీ తక్ పక్డా థా," అంటూ ఏడ్చాడు. అప్పటిదాకా పట్టుకునే ఉన్నాడట మామ, మా పడవ చేరడానికి కాస్త ముందే చెయ్యి వదిలేశాడట.

నాయన ట్యాబ్ వైరు పీకి చొక్కాలో దాచడం నేను చూశాను. ముదీర్‌తో, అంటే పై మేనేజరుతో మాత్రం, "స్విచ్ ఆర్పడం నేనే మరిచినా సార్," అన్నాడు. నాతో, "ఎవురికీ చెప్పబాక. చిన్నపిల్లవి, మరిచిపోతావు," అన్నాడు. ఉద్యోగం పోయింది. ముగ్గురం నెల్లూరు చేరాం.

నిరుడు నేనొక్కదాన్నే దుబాయ్ తిరిగొచ్చి, డేరాలో ఒక కార్గో కొట్లో చేరాను. సెలవు రోజున ఉమ్మల్ ఖువైన్ వెళ్ళి చూస్తే షెడ్డు లేదు, పడవ లేదు, అక్కడ కాఫీ అమ్ముతున్నారు. నాయన మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళలేదు.

మొన్న ఫోన్ చేశాడు. మస్తాన్ మామ వాళ్ళమ్మ పోయిందట. జనాజా మోయడానికి నాయన భుజం పట్టబోతే, మామ కొడుకు ఆయన చెయ్యి తోసేశాడట. "పోనీలే, వాడి కోపం వాడిది," అన్నాడు నాయన.

ఆ పిల్లాడి నంబరు నా దగ్గరుంది. నేను మాత్రం, "అన్నం తిన్నావా నాయనా?" అని అడిగాను.