రాయి చుట్టూ బారెడు నేల

లాన్‌గ్వెర్న్ చర్చి బట్టలన్నీ త్రెఫీన్ ఉతికేది. బలిపీఠం మీద పరిచే గుడ్డలు, ఫాదర్ తొడుక్కునే తెల్ల అంగీలు, ఊరేగింపు జెండాలు, అన్నిటి మురికీ ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె చేతుల మీదుగానే పోయేది. అందుకేనేమో, చర్చి అంటే ఆమెకు భక్తి ఉండేది గానీ భయం ఉండేది కాదు.

చర్చి దక్షిణపు గోడ పక్కన ఒక రాయి నిలబడి ఉండేది. రెండు నిలువుల ఎత్తు. ఎవరు నిలబెట్టారో ఫ్రాన్సు పడమటి తీరాన ఆ బ్రిటనీలో ఎవరికీ తెలియదు. యేసు పేరు ఆ ఒడ్డుకు చేరకముందు నుంచీ ఉందని మాత్రం అందరికీ తెలుసు. చర్చి కట్టినవాళ్లు దాన్ని కదపలేక గోడనే కాస్త వంచుకున్నారు. సమాధుల నేలను దీవించేటప్పుడు పాత ఫాదర్లు రాయి చుట్టూ బారెడు నేల వదిలేసి నీళ్లు చల్లేవారు.

ఆ బారెడు నేలే తల్లులకు మిగిలింది. బాప్తిస్మం అందకుండా పోయిన పసికందుకు దీవించిన నేలలో చోటు లేదని చర్చి చెప్పింది. పొలం గట్టున పాతిపెట్టడానికి ఏ తల్లికి చేతులొస్తాయి? పొద్దు వాలే వేళ ఎవరో ఒకరు గుడ్డలో చుట్టి త్రెఫీన్ దగ్గరికి తెచ్చేవారు. ఉతికిన బట్టల బుట్టలో అడుగున పెట్టుకుని, చర్చి పనికి వెళ్తున్నట్టే వెళ్లి, ఆమె రాయి మొదట్లో పాతి వచ్చేది. ఆమెకు ముందు ఆమె అత్తగారూ అదే చేసింది. ఎవరి బిడ్డ ఎక్కడుందో త్రెఫీన్‌కు కంఠతా వచ్చు. గోడ వైపు చివర ఉన్నది ఆమె కూతురే.

ఆ ఏడు కొత్త ఫాదర్ వచ్చాడు. జూన్‌లో ఒక ఆదివారం పూజలో, సైతాను రాయిని పెకిలించి ఆ గోతిలోనే పెద్ద శిలువ నాటిస్తానని చెప్పాడు. మంగళవారం రాయిని లాగడానికి కెర్‌గోట్ ఇంటివాళ్ల గుర్రాలు వస్తాయన్నాడు.

పూజ కాగానే త్రెఫీన్ ఆయన అంగీ విడిచే గదిలోకి వెళ్లింది.

"ఫాదర్‌గారూ, శిలువ ఇంకెక్కడైనా నాటించండి. అక్కడ తవ్వొద్దు."

"ఏమ్మా, నువ్వు కూడా ఆ రాయిని దేవుడనుకుని వెన్న రాస్తావా?"

"అక్కడ పిల్లలున్నారండీ."

అర్థం కావడానికి ఆయనకు కాసేపు పట్టింది.

"బాప్తిస్మం కానివాళ్లు నా రిజిస్టరులో లేరు. ఎముకలేమైనా వస్తే మట్టితో పాటు పల్లంలో పోస్తారు." అంగీ విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "అన్నట్టు, దీనికి గంజి తక్కువైంది."

త్రెఫీన్‌కు ఒళ్లు మండిపోయింది. గంజి తక్కువైందట! పిల్లలు పల్లంలోకట! అంగీ అక్కడే బల్ల మీద పడేసి బయటికి వచ్చింది.

బయట ఊరంతా ఉంది. పూజ తర్వాత కెర్‌గోట్ గొనేరి గోడ పక్క మెట్టెక్కి చాటింపు వేయడం, తప్పిపోయిన పశువుల సంగతీ వేలాల సంగతీ జనం నిలబడి వినడం అక్కడి అలవాటు. ఆ మెట్టు ఆడవాళ్లు ఎక్కరు.

"దిగు గొనేరీ."

"ఏం తప్పిపోయిందత్తా? ఆవా, పందా?" అన్నాడతను. జనం నవ్వారు.

"మీ అమ్మకు నీకంటే ముందు పుట్టినవాడు. దిగు."

నవ్వులు ఆగిపోయాయి. గొనేరి దిగాడు. త్రెఫీన్ పావడా ఎత్తిపట్టుకుని ఎక్కింది. ఎవరికీ చెప్పనని ఇంతమంది తల్లులకు మాటిచ్చింది. ఆ మాట ఇప్పుడు తప్పుతోంది.

"వినండహో! కెర్‌గోట్ ఇంటి మగపిల్లాడు, యాపిల్ పూత కాలంలో పుట్టాడు, ఒక్కసారైనా ఏడవలేదు. రోజ్‌మెర్ ఇంటి కవలలు. మిల్లు వాళ్ల ఆడపిల్ల, ఎర్రజుట్టు. నా పెద్దకూతురు. అందరూ ఆ రాయి కిందే ఉన్నారు. మంగళవారం వాళ్లను మట్టితో పాటు పల్లంలో పోస్తారట. మా వాళ్లు అనుకునేవాళ్లు వచ్చి తీసుకెళ్లండహో!"

మిల్లు యజమాని తల వంచుకున్నాడు. గొనేరి తల్లి బార్బా చేతికర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది.

"మగపిల్లాడా?" అంది. "ముప్పై ఐదేళ్లయింది త్రెఫీనా. ఆడో మగో నాకెవరూ చెప్పనే లేదే."

"చూడనివ్వొద్దన్నారు వదినా, మీ అత్తగారు."

బార్బా కొడుకు వైపు తిరిగింది. "ఒరే, మంగళవారం గుర్రాలు కట్టావంటే కాళ్లు విరగ్గొడతాను. గుర్రాలవి కాదు."

మంగళవారం కెర్‌గోట్ గుర్రాలు రాలేదు. ఫాదర్ కబురంపితే రోజ్‌మెర్ వాళ్లవి కుంటుతున్నాయన్నారు, మిల్లు వాళ్లవి ఈనబోతున్నాయన్నారు. మిల్లులో ఉన్నవి రెండూ పోతుగుర్రాలే. చివరికి శిలువను గేటు పక్కన నాటించాడు. పరువు దక్కాలి కదా, నిచ్చెన వేయించి రాయి కొసన జానెడు ఇనుప శిలువ బిగించి, సైతాను ఓడిపోయాడని ప్రకటించాడు.

"టోపీ పెట్టాడు, పోనీలే," అంది బార్బా.

త్రెఫీన్ నవ్వలేదు. నవంబరులో చనిపోయినవాళ్ల పండగ నాడు ఆయన సమాధులన్నిటి మీదా నీళ్లు చల్లుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ బారెడు దూరంలో ఆగి వెనుదిరిగాడు. తన ఇనుప శిలువ ఆ రాయి మీదే ఉన్నా సరే. ఎర్రజుట్టు పిల్లను కన్న మిల్లు కోడలు మోకాళ్ల మీద ఉండి చూస్తోంది. బార్బా చూస్తోంది.

ఆయన వీపు మీద అంగీ తడిగుడ్డలా వేలాడుతోంది. త్రెఫీన్ దానికి గంజి పెట్టలేదు. ఇక పెట్టదు కూడా.