పసుపు బిళ్లల మడుగు

1992 ఏప్రిల్ 18, శనివారం, సాయంత్రం నాలుగున్నర. ఉత్తరపు గాలి ఇసుకను ఈడ్చుకొచ్చి కళ్లలో కొడుతోంది. ఆటు మొదలై, అరబ్బు దేశపు తీరాన రాస్ తనూరా దగ్గరి పాయలో నీరు సముద్రానికి మళ్లుతోంది. ఆ వేళ నాగేందర్ పడవకు ఎదురుగా ఖాజావలి మోకాలి లోతు నీటిలో కనిపించాడు. అతని కాళ్ల చుట్టూ చచ్చిన చేపలు వెల్లకిలా తేలుతున్నాయి.

నాగేందర్ జగిత్యాల వైపు గంగపుత్రుడు. చేపల సర్వేలో కూలీ. పోటుతో పాయలోకి వచ్చే హమూర్ చేపలను పట్టి, వీపు రెక్క కింద పసుపు బిళ్ల గుచ్చి, తిరిగి నీటిలో వదలడం అతని పని. నిరుడు యుద్ధంలో పారిన చమురు ఈ పాయను కప్పేసినప్పుడు, చచ్చినవాటిని పారతో ఎత్తి పూడ్చినవాడూ అతడే. మడచెట్ల వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. అయినా బిళ్లలున్న తల్లిచేపలు కొన్ని తిరిగొచ్చి మలుపులోని లోతు మడుగులో చేరాయి. మర్నాటి లెక్కలో అవి కనబడితే ఇక్కడ వేట నిషేధం నిలుస్తుంది. లేకుంటే పాయను వలలకు తెరిచేస్తారు.

నాగేందర్ ఒక చేపను ఎత్తి చూశాడు. పైకి గాయం లేదు. మొప్పల నుంచి నెత్తురు కారుతోంది. నీటిలో మందుగుండు తూటా పేల్చి చంపిన చేప అది. ఖాజావలి కడప మనిషి, చేపల వ్యాపారి దగ్గర వ్యాన్ డ్రైవరు. రోడ్డు పనిలో బండలు పేల్చే తూటాలు ఎక్కడో సంపాదించాడు.

"ఏమప్పా, ఈ సముద్రం మీ నాయన తవ్వించినాడా?" అన్నాడు.

నాగేందర్ అతని సంచిని తన్ని నీటిపాలు చేశాడు. ఖాజావలి పడవలోని లంగరు ఇనుముతో అతని దవడ మీద కొట్టాడు. నెత్తురుతో పాటు పళ్లు ఉమ్మి, నాగేందర్ అతని ముఖాన్ని నల్లబురదలో అదిమాడు. ఖాజావలి విదిలించుకుని గట్టుకు పాకి, అక్కడ ఉంచిన రెండో తూటా తీసి, సిగరెట్టు వెలిగించి దాని వత్తికి అంటించి, మడుగు వైపు చేయెత్తాడు. ఇంతలో వత్తి పొగ ఆగిపోయింది. తిట్టుకుంటూ దాన్ని ముఖం దగ్గరకు తెచ్చి ఊదసాగాడు.

గోదావరి ఒడ్డున నాగేందర్ మేనమామ కూడా ఇలాగే ఆరిన వత్తిని ఊదాడు. ఆయన చేయి తర్వాత ఎవరి వలలోనో దొరికింది.

"ఖాజాభాయ్, అది సావలే. లోపట మండుతున్నది. పారెయ్."

"నీ మాయలు నా కాడ పనికిరావు."

అతని వెనుక నిట్టనిలువు గట్టు. తూటా పడడానికి మడుగు తప్ప చోటు లేదు. నాగేందర్ రెండు చేతులా తెడ్డెత్తి అతని మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు. తూటా ఎగిరి మడుగులో పడింది. వెంటనే నీరు తాటిచెట్టంత లేచింది. ఆ తర్వాత పసుపు బిళ్లలు ఒకదాని వెంట ఒకటి పైకి తేలాయి. ఖాజావలి విరిగిన చేతిని చూసుకుని, నీటి వైపు చూశాడు.

చేయి విరిచినందుకు పోలీసులు నాగేందర్‌ను జైల్లో పెట్టారు. ఖాజావలి వెళ్లి కేసు వద్దన్నాక వదిలారు. ఖాజావలి మణికట్టు వంకరగా అతుక్కుంది. వ్యాపారి పనిలోంచి తీసేస్తే కడపకు పోయి టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఏడే పాయను వలలకు తెరిచారు. నాగేందర్ 2003 దాకా అక్కడే పనిచేశాడు. ఆ పాయలో బిళ్ల ఉన్న హమూర్ మళ్లీ అతని వలకు చిక్కలేదు.