ఏసీ గదిలో మా బావ డప్పు

మొన్న నరసన్నపేటలో బస్సు కోసం నిలుచుంటే, పక్కనున్న ఆటోలోంచి మా పాట వినబడింది. అవునండీ, మాదే! గిటారు నాది, గొంతు మా అక్కది, గుండెలదిరేలా మోగుతున్న డప్పు అక్క మొగుడు మా బావది. ఆ గిటారు నాదేనని ఆటో కుర్రాడితో చెబుదామనుకున్నాను గానీ, ఈ బట్టతల చూసి నమ్మడని మీసం దువ్వుకుని ఊరుకున్నాను.

మా కాలంలో విజయనగరంలో సంగీతమంటే వీణా, వయొలినూ. అలాంటి ఊళ్ళో మేం ముగ్గురం రాక్ బ్యాండు పెడితే, ధాన్యం మిల్లు ఆడిస్తున్నారా అని పెద్దలు వెక్కిరించారు. అయినా పాతపట్నం దాకా పెళ్ళిపందిళ్ళలో వాయించి, చివరికి క్యాసెట్టు చేయబోతే, రికార్డు చేసేవాడు మోటుగా ఉందంటూ డప్పు తీసేసి డ్రమ్ములు పెట్టించాడు. బావకు ఒళ్ళు మండింది. డప్పు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు, దాంతో బ్యాండు మూతపడింది.

ఇన్నేళ్ళకు నా కూతురు కంప్యూటరులో ఏవో కొత్త ధ్వనులు వినిపించి, మా పాత పాటలకు వాటిని కలిపి ఆల్బం చేద్దామంది. అక్క బతిమాలగా బతిమాలగా, డప్పు ఉంటేనే వస్తానన్నాడు బావ. తీరా విశాఖ స్టూడియోలో ఆ ఏసీ చలికి తోలు మెత్తబడి, డప్పు తడిసిన అట్టలా మోగింది. సౌండు చూసే అబ్బాయి కంప్యూటరు డప్పు పెట్టేద్దామన్నాడు. ఈ వయసులో మళ్ళీ అదే అవమానం! ఈసారి లేచి వెళ్ళిపోతే బావ ఇక రాడు.

అక్క లేచింది. “ఏటలా సూస్తన్నారు? ఒరే తమ్ముడూ, ఎండాకులు పట్రా! సెగెట్టకపోతే డప్పేటి పలుకుతాది?”

స్టూడియో ముందే మంట వేశాం. ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చిన వాచ్‌మన్‌ది మా వైపే, రామతీర్థం పక్క ఊరట, సంగతి తెలిశాక తనే ఓ కొబ్బరిమట్ట తెచ్చి పడేశాడు. బావ డప్పును తిప్పి తిప్పి కాచి ఒక్క దెబ్బ వేశాడు. ఖంగుమంది! నా కూతురు మైకు వరండాలోకి లాక్కొచ్చింది. ఆ పొగలోనే పాడాం, వాయించాం, దగ్గాం కూడా. ఒక దగ్గు పాటలో ఉండిపోయింది, మేమే తీయనివ్వలేదు.

ఇప్పుడు నా వేళ్ళు మునుపటిలా పరిగెత్తవు, పైస్థాయి వచ్చేసరికి అక్క అందుకోమని నా కూతురి వైపు చూస్తుంది. అయితేనేం, ఆ పాటే ఆటోల దాకా వెళ్ళింది, గెలిచాం! కానీ అన్నేళ్ళూ పండక్కీ పబ్బానికీ ఒకే పంక్తిలో భోంచేస్తూ, ఒక్కసారైనా పాట మాటెత్తకుండా ఎలా ఉండగలిగామో తలుచుకుంటే మాత్రం ఏడుపొస్తుంది.