రాజలింగు పంచిన లాప్‌టాప్

ఎడపల్లి రాజలింగు సాధించిన మొదటి ఘనత ఇద్దరు అన్నదమ్ముల చెరకు చేను పంపకం. ఒకరి ముఖం ఒకరు చూడని ఆ ఇద్దరినీ ఒకే గట్టు మీద కూర్చోబెట్టి, పొద్దుగూకేలోపు హద్దురాళ్లు పాతించాడు. అప్పటికి ఆయనకు మీసం కూడా సరిగ్గా రాలేదు. చదువా, ఊరి బడిలో ఏడో తరగతి. అది మొదలు కోటగిరి దాకా ఆయన పంచని చేను లేదు, తేల్చని కాలువ నీళ్ల వంతు లేదు. బోధన్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండ్లు వరుస తప్పకుండా నిలబడ్డాయంటే అదీ ఆయన మాట మీదే. ఆయనకు నియమాలు రెండే. పెద్దోడి వాటా ముందు తేల్చాలి. అందరూ నడిచే బండ్ల బాటను ఎవడూ దున్నకూడదు. బాట దున్నిన ఆసామిని నలుగురిలో నిలబెట్టి ఆయన కడిగేసిన తీరు ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంతటి మనిషి, తన ఇంట్లోనే పంపకం జరుగుతుంటే ఊరుకుంటాడా?

మనవరాలు కావ్య నిజామాబాద్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆమెది చవక రకం లాప్‌టాప్. అందులో విండోస్ తెరుచుకునేలోపు రాజలింగు భార్య వసంతమ్మ చాయ్ కాచి దించేస్తుంది. కాలేజీలో వాడేది విండోస్ కాదు, కంప్యూటర్‌ను నడిపే ఇంకో సాఫ్ట్‌వేర్, లినక్స్. విండోస్‌ను అలాగే ఉంచి, పక్కన లినక్స్ ఎక్కించుకోవాలని కావ్య ఓ ఆదివారం వసారాలో కూర్చుంది. డిసెంబర్ పంతొమ్మిదిన కాలేజీలో చూపించాల్సిన ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. చూపించకపోతే ఏడాది పోయినట్టే. ఇంకో కాపీ లేదు. ఉన్న ఒక్క పెన్‌డ్రైవ్‌లో లినక్స్ నింపుకుంది.

తెర మీద డిస్కు పొడుగు పట్టీలా, రంగురంగుల ముక్కలుగా కనిపించింది. రాజలింగు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"గిదేందే, భూమి నక్ష లెక్కున్నది!"

"అట్లనే అనుకో తాతా. ఇద్దరికి పంచుతున్న."

"ఇంట్ల నన్ను పెట్టుకొని నువ్వు పంచుడేంది? పెద్దోడు ఎవ్వడు?"

"విండోస్. ముందుగాల్నుంచి ఉన్నది గదా."

"అయితే దానికి జర ఎక్కువియ్యి."

కావ్య నవ్వుతూ ఇచ్చింది. ఆమె ముందే అనుకున్నదీ అంతే, కానీ ఘనత తాత ఖాతాలో పడింది. అప్పుడు ఆయన కన్ను పట్టీ మొదట్లో ఉన్న సన్నటి ముక్క మీద పడింది.

"గీ పీలిక ఎవ్వరిది?"

"ఏమో తాతా. దాని జోలికి పోవద్దని వీడియోల చెప్పిండ్రు."

"ఎవ్వరిదో తెల్వని జాగ ఇడిసిపెడితే రేపు లొల్లి అయితది బిడ్డా."

"కానియ్యి. నువ్వైతే ముట్టకు."

వంటింట్లోంచి వసంతమ్మ కేకేస్తే కావ్య లేచి వెళ్లింది. ముక్కల్ని ఎలా తీసేస్తారో రాజలింగు అప్పటికే చూసి నేర్చుకున్నాడు. ఆ వయసులో అంత చురుకైన చూపు ఎందరికుంటుంది? సన్నటి ముక్కను చెరిపేశాడు. యంత్రం ఇంగ్లిషులో ఏదో అభ్యంతరం చెప్పింది. అభ్యంతరాలు ఆయనకు కొత్తా! కావ్య ప్రతిసారీ నొక్కే చోటే తానూ నొక్కాడు.

కావ్య వచ్చి చూసేసరికి లినక్స్ ఎక్కే పని సగం దాటిపోయింది. చివరికి తెర నల్లబడింది. విండోస్ లేవలేదు, లినక్స్ కూడా లేవలేదు.

"నా ప్రాజెక్టు తాతా!" అని కావ్య అక్కడే కూలబడి ఏడ్చింది.

"ఊరందరివి పంచినవ్," అంది వసంతమ్మ. "ఇంట్ల పిల్లకు ఒక్క ముక్క మిగలనియ్యకపోతివి!"

మర్నాడు పొద్దున్నే రాజలింగు లాప్‌టాప్‌ను తువ్వాలలో చుట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. బస్టాండు దగ్గర లాప్‌టాప్‌లు బాగుచేసే ముక్తార్ దాన్ని విప్పి, తన కంప్యూటర్ డబ్బాకు తగిలించి చూశాడు.

"ఇద్దరి వాటాలు సలామత్ ఉన్నయి పటేలా. పిల్ల ప్రాజెక్టు గూడ లోపల్నే ఉన్నది. కానీ మిషన్ లేసే రస్తా గా సన్న ముక్కల ఉంటది. ఇద్దరు గదే రస్తాల పోవాలె. దాన్ని ఎవ్వడో సాఫ్ చేసిండు. ఎవ్వడాడు?"

రాజలింగుకు లెక్క అర్థమైంది. చేలు రెండూ ఉన్నాయి, పంటా ఉంది. బండి పోవడానికి బాట లేదు.

"నాకెరికైన పెద్దమనిషే," అన్నాడు.

"గసుమంటోన్ని పంపకాలకు పిలువకుండ్రి."

"పిలుస్తనే ఉంటరు, ఏం జేస్తం."

ముందు తెచ్చినవాళ్లవి చాలా ఉన్నాయని, గురువారం గానీ కాదని ముక్తార్ తేల్చాడు. బండ్ల వరుస నిలబెట్టిన మనిషి వరుస తప్పించమని అడుగుతాడా? అడగలేదు. బాట పోయిన సంగతి ఇంటికి ఫోన్లో చెప్పి, అది పడేదాకా ఊరి ముఖం చూడనని, నిజామాబాద్‌లోనే ఉన్న చెల్లెలు శంకరమ్మ ఇంట్లో దిగాడు. పొద్దంతా ముక్తార్ షాపు ముందు స్టూలు మీదే కాపలా.

అక్కడికే వసంతమ్మ ఫోన్ చేసింది. కోటగిరి నుంచి ఇద్దరు అన్నదమ్ములు చేను పంచమని వచ్చి కూర్చున్నారట.

"ఏమని చెప్పినవ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"బండ్ల బాట దున్నినోని మీద పంచాయితి పడ్డది, తేల్చనీకి నిజామాబాద్ పోయిండని చెప్పిన. ఎన్నడొస్తడని అడుగుతుండ్రు. పంతొమ్మిది దగ్గరికొచ్చిందని పక్కన పిల్ల గూడ గదే అడుగుతున్నది."

రాజలింగు ముక్తార్ వైపు చూశాడు. ముక్తార్ తలెత్తకుండానే వేలితో గోడ మీది క్యాలెండర్‌లో ఒక గడి చూపించాడు.

డిసెంబర్ పద్దెనిమిది, గురువారం.