పీకిన చేత్తోనే

చెరువు అడుగున పెరిగే నీటిగడ్డి పీకడం గడ్డి మేస్త్రి ఇరవై రెండేళ్ల ఉద్యోగం. దాన్నే మళ్లీ నాటడం ఇప్పటి ఉద్యోగం. నవ్వొస్తే నవ్వండి, వీధంతా ఎప్పుడో నవ్వేసింది. గడ్డి పోయి, నీళ్లు పచ్చగా చిక్కబడి, చేపలు చచ్చి తేలాక గానీ ఆ గడ్డే నీటిని కాచేదని ఆఫీసువాళ్లకు తెలిసిరాలేదు మరి.

"చేసిన పాపం కడుక్కుంటున్నావా?" అని దెప్పుతుంది భార్య, అతని మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెడుతూనే.

మూడేళ్లుగా నాటుతున్నాడు. మొదటి ఏడు మిగిలిన చేపలు పెకలించాయి. రెండో ఏడు మురుగు ముంచేసింది. ఈసారి మాత్రం మూల మడిలో గడ్డి నిలదొక్కుకుంది. నడుంలోతు నీళ్లలో తన పాదాలు తనకు కనిపించాయి. ఆ రోజు పిచ్చివాడిలా అక్కడే గంటసేపు నిలబడ్డాడు. రేపు తనిఖీ. గడ్డి ఉంటే పని సాగుతుంది, లేదంటే మూతే.

ఇవాళ పొద్దున కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లేసరికి గట్టు మీద గడ్డి కుప్పలు! నీళ్లలో బావమరిది, పళ్లికిలిస్తూ. గడ్డి పీకే పాత ముఠాలో తన జోడీ, ఇప్పుడు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నవాడు.

"రేపు తనిఖీ అని అక్క చెప్పింది బావా. నీకు మాటొస్తుందని మడంతా శుభ్రం చేసేశా!"

మేస్త్రి గట్టు మీద కూలబడ్డాడు. తిట్టడానికైనా ఓపిక ఉండాలి కదా.

"అది నేను నాటిందిరా," అన్నాడు చివరికి.

బావమరిది మొహం పాలిపోయింది. "అయ్యయ్యో! వీధిలో అనేది వేళాకోళం అనుకున్నా, నువ్వు నాటేది ఏదో కొత్త మొక్క అనుకున్నా బావా. ఇది మన పాత గడ్డే కదా!"

మేస్త్రి కుప్పలోంచి ఒక మొక్క తీశాడు. ఇంకోటి తీశాడు. బురదతో సహా వేళ్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు.

"వేరు మిగిలితే మళ్లీ మొలుస్తుందని ఇరవై ఏళ్లు నా ప్రాణం తీశావుగా," గొణిగాడు బావమరిది.

మేస్త్రికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రేపటికి నీళ్లు తేరుకుంటాయో లేదో, గడ్డి నిలుస్తుందో లేదో. మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"నాకు నాటడం రాదు బావా."

"నాకు మాత్రం వచ్చిందేమిట్రా? పట్టు, ఎండకముందే గుచ్చాలి."