డిక్కీ మీద జానెడు మేర

మొన్న శనివారం ఉదయం ఏడు కూడా కాకముందే అక్క ఫోన్ చేసింది. అక్క అంటే నా తోటికోడలు, మా బావగారి భార్య. "నువ్వొకసారి రావే. మీ బావగారు కారు కడుగుతున్నారు," అంది. బావగారు కారు కడగడం మా ఇళ్ళలో వార్త కాదు. పదిహేనేళ్ళుగా ప్రతి శనివారం తెల్లవారగానే ఆయన కారు కడుగుతూనే ఉన్నారు. కానీ అది మామూలు శనివారం కాదు. ఢిల్లీలో పెట్రోలు బండికి పదిహేనేళ్ళు నిండితే ఇక రోడ్డెక్కనివ్వరు. ఆ రోజు పదింటికి తుక్కు వాళ్ళ లారీ వచ్చి ఆ కారుని ఎత్తుకుపోతుందని మా అందరికీ తెలుసు. "ఈ రోజు కూడానా?" అన్నాను. "ఈ రోజే. రెండు బకెట్లూ దించారు, మైనం డబ్బా కూడా బయటికి తీశారు. నాకు భయంగా ఉందే, మనిషికేమైనా అయిందేమో," అంది. నా చేతిలో టీ చల్లారిపోయింది. ఇనుప కత్తెర కిందికి పోయే బండికి ఎవరైనా మైనం పూస్తారా?

అక్క భయం ఒకటి, నా భయం వేరు. ఆ కారు మీద నా తప్పొకటి ఉంది. పదిహేనేళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది, మావారికి కూడా చెప్పనిది. ఆదివారం బడిలో పిల్లలకి వాక్యం నేర్పే మనిషిని నేను. నిజం చెప్పడం గురించిన పాఠం వచ్చినప్పుడల్లా గొంతు బాగోలేదని ఇంకో టీచరమ్మకి అప్పగించేదాన్ని. సంవత్సరానికొకసారి, సరిగ్గా ఆ పాఠం నాడే, నా గొంతు పోతుందని ఎవరికీ అనుమానం రాకపోవడం దేవుడి ఓర్పు అనుకోవాలి. ఆ కారు వెళ్ళిపోతే దానితోపాటు సాక్ష్యమూ పోతుంది, ఆ తర్వాత నేను జన్మలో నోరు విప్పనని నాకు తెలుసు. చెప్పులు వేసుకుని, ద్వారకాలో పక్క సెక్టారే కాబట్టి, ఈ-రిక్షా ఎక్కి బయలుదేరాను.

అసలు సంగతి మొదటి నుంచీ చెప్పాలి. మావారు సైన్యంలో ఉండేవారు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి ఢిల్లీ పోస్టింగ్ వచ్చింది. కంటోన్మెంటులో క్వార్టరు దొరకడానికి నాలుగు నెలలు పడుతుందన్నారు. ఇద్దరు పిల్లలతో, నాలుగు నల్ల ట్రంకు పెట్టెలతో ఆర్.కె.పురంలో బావగారి ప్రభుత్వ క్వార్టరులో దిగాం. రెండు గదుల ఇల్లు. ఆయన ఒక్కరోజు కూడా ఇరుకు అనలేదు. తన బల్లని వరండాలోకి జరుపుకుని, అక్కడే వాక్యం చదువుకుని, అక్కడే ఆఫీసు ఫైళ్ళు చూసుకునేవారు. మాట తక్కువ మనిషి. ఆయన శాఖలో ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా విచారణ ఆయన చేతికే ఇచ్చేవారట. అబద్ధం ఆడేవాడు ఆయన ఎదుట నిలబడి రెండో ప్రశ్న దాటలేడని అక్క గొప్పగా చెప్పేది. కారు సంగతి జరిగాక మాత్రం ఆ గొప్ప మొదలవగానే నేను వంటింట్లోకి జారుకునేదాన్ని.

మేం దిగిన మూడో నెలలో ఆయన జీవితంలో మొదటి కారు కొన్నారు. అప్పటిదాకా ఉన్నది స్కూటరే. ముదురు నీలం రంగు కారు, నీడలో నల్లగా, ఎండలో నెమలి మెడలా కనిపించేది. సీట్ల మీది ప్లాస్టిక్ తీయనివ్వలేదు. పిల్లలు చెప్పులు విప్పి ఎక్కాలి. దాన్ని కడగడం ఒక క్రమం. ముందు ఉత్త నీళ్ళు పోసి దుమ్ము జారిపోనివ్వాలి, చెయ్యి తగలకూడదు. తర్వాత రెండు బకెట్లు, ఒకదానిలో షాంపూ నీళ్ళు, రెండోది గుడ్డ జాడించుకోవడానికి. అద్దాలకి పాత బనీను, ఒంటికి మెత్తటి ఫ్లానెల్, చక్రాలకి చిరిగిన తువ్వాలు. చక్రాల తువ్వాలు మిగతావాటితో ఒకే తీగ మీద ఆరకూడదు. "ఇంట్లో మీ ఆయన తువ్వాలూ నీ తువ్వాలూ ఒకే తీగ మీద ఆరుతాయి, కారుకి మాత్రం మడి," అని అక్క దెప్పేది. పిట్ట రెట్ట వేస్తే గోకకూడదు, తడి కాగితం పరిచి నానబెట్టాలి. వీధిలో నేరేడు చెట్లు. పండ్ల కాలంలో ఆయన ఆఫీసు నుంచి వచ్చి తల ఎత్తి చెట్టు కేసి చూసే చూపు ఇప్పటికీ గుర్తే. ఇదంతా ఆయన ఒక్కరే చేసేవారు. ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవారు కాదు.

కొన్న మూడో ఆదివారం ఆరాధన తర్వాత అయ్యగారు, మా పాస్టరుగారు, సంఘంతో కలిసి వచ్చి కారు కోసం ప్రార్థన చేస్తానన్నారు. అప్పట్లో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. హిందీ వాళ్ళ ఆరాధన అయ్యాక అదే హాలు మధ్యాహ్నం దాకా మాకిచ్చేవారు. రెండు ఆరాధనలకీ కుర్చీలు సర్దే పని తనదే కాబట్టి బావగారు తెల్లవారకముందే బస్సులో వెళ్ళిపోయారు. ముందు రోజు సాయంత్రం పెద్ద దుమ్ము గాలి వచ్చింది. మే నెలలో ఢిల్లీ గాలివాన అంటే వాన తక్కువ, రాజస్థాన్ ఇసుక ఎక్కువ. పొద్దున్న అక్కా మావారూ ఇంకా లేవకముందే నేను లేచి చూస్తే కారు నీలమో పసుపో తెలియకుండా ఉంది. మూడు నెలలుగా మమ్మల్ని కడుపులో పెట్టుకుని చూస్తున్న మనిషికి నేను చేయగలిగిందేమిటా అని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. దేవుడే దారి చూపించాడనుకున్నాను.

మా పుట్టింట్లో శుభ్రం అంటే తోమడమే. తోమిన గిన్నెలో మొహం కనిపించకపోతే మా అమ్మ మళ్ళీ తోమించేది. నేను అక్క వంటింట్లోంచి గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచూ, పొడి డబ్బా తెచ్చుకున్నాను. కుళాయి నీళ్ళు వచ్చేది ఒక గంటే కాబట్టి నీళ్ళు వృథా చేయకుండా, పీచు తడిపి, ఆ ఇసుక మీదే గుండ్రంగా గుండ్రంగా తోమాను. పాటలు పాడుకుంటూ తోమాను. పైకప్పు మీదికి అందకపోతే స్టూలు వేసుకుని మరీ తోమాను. చివర్లో అరబకెట్ నీళ్ళు పోశాను. తడి మీద ఆ నీలం మెరుపు చూసి నా కళ్ళు చెమర్చాయి. మళ్ళీ దుమ్ము పడకూడదని అలాగే కవరు కప్పేసి, స్నానం చేసి, పిల్లల్ని తీసుకుని ఆరాధనకి వెళ్ళిపోయాను. ఆ రోజు స్తుతి పాటల్లో అందరికంటే పెద్ద గొంతు నాదే.

మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో ఇరవై మంది కారు చుట్టూ నిలబడ్డారు. బావగారు కవరు అంచు పట్టుకుని, పెళ్ళికూతురి ముసుగు తీసినంత నెమ్మదిగా లాగారు. కారు నిండా, బానెట్ మీద, తలుపుల మీద, పైన, సాలెపురుగు పిచ్చెక్కి వల అల్లినట్టు తెల్లటి గీతలు. వలయాల మీద వలయాలు. నా చెయ్యి ఎంతెంత దూరం తిరిగిందో అంతంత వలయం. ఎండకి అవి వెలుగుతున్నాయి. నా గుండె ఆగిపోయిందనే అనుకున్నాను. ఆగలేదు, ఎందుకంటే చెవుల్లో దాని చప్పుడే వినిపిస్తోంది.

"అయ్యో, కొత్త బండి! ఎవరండీ ఇంత పని చేసింది?" అంది సంఘంలో ఒక పెద్దావిడ. బావగారు కవరు చేతిలో అలాగే పట్టుకుని నా వైపు చూశారు. ఎంతసేపు చూశారో చెప్పలేను. తర్వాత అయ్యగారి వైపు తిరిగి, "నేనేనండి. తొందరలో పొడి దుమ్ము మీదే రుద్దేశాను," అన్నారు.

గీతలు చూసినప్పటి కన్నా ఈ మాట విన్నప్పుడు నేను ఎక్కువ నిర్ఘాంతపోయాను. అబద్ధం. అందులోనూ బావగారి నోటి వెంట. ప్రార్థనకి ముందు, సంఘం ఎదుట, దైవసేవకుడి మొహం మీద. అది నా కోసం. "కాదు, నేను" అనడానికి నోరు తెరిచాను. అప్పటికే అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనలో ఒక్క మాట నాకు వినిపించలేదు. చివర్లో ఆమెన్ మాత్రం నా నోటి నుంచి వచ్చింది. ఆ ఆమెన్ ఎంత బరువుందో నాకే తెలుసు.

సాయంత్రం చెబుదామనుకున్నాను, ఇంటినిండా జనం. మర్నాడు చెబుదామనుకున్నాను, ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. తర్వాతి శనివారం తెల్లవారి ఆయనే వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అమ్మాయ్, రెండో బకెట్ నువ్వు పట్టుకో," అన్నారు. అంతకుముందు ఎవర్నీ దగ్గరికి రానివ్వని మనిషి! నేను వెళ్ళి బకెట్ పట్టుకున్నాను. ఆ రోజు మొదలుకుని ఆయన నాకు నేర్పారు. చెయ్యి గుండ్రంగా కాదు, తిన్నగా వెళ్ళాలి. గీతలు పోవడానికి పూసే ముద్ద బఠాణీ గింజంత చాలు. ఒకేసారి జానెడు మేర, అంతే. మైనం పలచగా పూసి ఆరనివ్వాలి. వేలితో గీస్తే పొడిలా రాలాలి, అప్పుడే తుడవాలి. ఒక్క శనివారం కూడా, "ఎవరు చేశారమ్మా?" అని అడగలేదు. మేం కంటోన్మెంటుకి మారాక కూడా నెలకో శనివారం వెళ్ళేదాన్ని. బానెట్ అయింది, తలుపులయ్యాయి. అలా రెండేళ్ళలో కారు తిరిగి నెమలి మెడ అయింది. వెనక డిక్కీ మూత మీద కుడి మూల జానెడు మేర మాత్రం మిగిలింది. "అది కూడా చేసేద్దామా బావగారూ?" అన్నాను ఒకసారి. "దానికింకా టైముందిలే," అన్నారు. తర్వాత నేను అడగలేదు. ప్రతిసారీ ఆ మూల మీద ఎండ పడ్డప్పుడు చూపు తిప్పుకునేదాన్ని.

మొన్న నేను వెళ్ళేసరికి బావగారు అపార్ట్‌మెంటు పార్కింగులో లుంగీ మోకాళ్ళ పైకి కట్టి తలుపులు తుడుస్తున్నారు. డెబ్బై దాటిన నడుము వంగడం లేదు. కింది భాగం కోసం చిన్న పీట వేసుకున్నారు. వాచ్‌మన్ పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. "రా అమ్మాయ్, రెండో బకెట్ పట్టుకో," అన్నారు, ఏమీ జరగనట్టు. నేను బకెట్ పట్టుకోలేదు. కొంగు పట్టుకుని, "బావగారూ, ఆ రోజు కారు పాడు చేసింది నేను. అక్క గిన్నెల పీచుతో తోమాను. నన్ను క్షమించండి," అన్నాను. పదిహేనేళ్ళు గొంతులో ఉన్న మాట, మూడు ముక్కల్లో అయిపోయింది.

ఆయన గుడ్డ పిండి, బకెట్ అంచు మీద వేసి, అప్పుడు మొహం ఎత్తారు. "పదిహేనేళ్ళు పట్టిందేమ్మా," అన్నారు.

నా వెనకాల నవ్వు వినిపించింది. అక్క టీ గ్లాసులతో నిలబడి ఉంది. "అదా నువ్వు మోస్తున్నది! నాకా రోజే తెలుసు. నా పీచు కారు పక్కన స్టూలు మీద దొరికింది. ఈ మహానుభావుడు పెళ్ళైనప్పటి నుంచీ ఒక్కసారైనా నా పీచు ముట్టుకున్నారా?"

నేను పీట మీద కూర్చున్నాను. "మరి అయ్యగారితో..."

"ఆయనకీ తెలుసు," అన్నారు బావగారు. "నేనాడింది అబద్ధమే. నీ మొహం చూసి ఆడాను, అయినా అబద్ధమే. ఆ బుధవారమే ఆయన దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. నీ సంగతి నువ్వే చెప్పుకోవాలని ఇద్దరం అనుకున్నాం."

"మీరొక్కసారి అడిగితే చెప్పేసేదాన్ని కదండీ!"

"అడిగితే అది విచారణ అవుతుందమ్మా. జీవితమంతా ఆఫీసులో అదే చేశాను. ఇంట్లో కూడానా?" అని, లేచి, డిక్కీ దగ్గరికి నడిచి ఆ మూల మీద వేలు పెట్టారు. "ఇది మనం కలిసి చేద్దామని ఉంచాను. నువ్వు చెప్పిన రోజున. ఇవాళైనా వస్తావో రావోనని మిగతాదంతా తెల్లవారుజాము నుంచీ సిద్ధం చేస్తున్నాను."

నేను ఇన్నాళ్ళూ చూపు తిప్పుకున్న మచ్చ వైపు ఆయన ప్రతి శనివారం ఎదురుచూస్తూ చూశారన్నమాట. నేను దాచానన్నది అందరికీ తెలుసు, తెలుసన్న సంగతి నాకొక్కదానికే తెలియదు. చదివిన వాక్యం, నేర్పిన పాఠం, పెద్ద గొంతుతో పాడిన పాటలు అన్నీ ఆ జానెడు మేర ముందు చిన్నబోయాయి.

పదింటికి రావాల్సిన లారీ అప్పుడే వచ్చేసింది. డ్రైవరు దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, తన మొహం తలుపులో చూసుకుని, నోరు వెళ్ళబెట్టాడు. "అంకల్‌జీ, కట్‌నే జా రహీ హై గాడీ!" అన్నాడు, ముక్కలు చేయడానికి పోయే బండికి ఇంత ముస్తాబేమిటని. "దస్ మినట్, భయ్యా," అని పది నిమిషాలు ఆగమన్నారు బావగారు. అక్క చేతిలోని గ్లాసు ఒకటి అతనికిచ్చింది. అతను లారీ మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ మమ్మల్ని చూస్తూ ఉండిపోయాడు.

బఠాణీ గింజంత ముద్ద ఆయన పెట్టారు, తిన్నగా నేను రుద్దాను. నా చెయ్యి తిరిగిన ఒక్కొక్క వలయం సన్నబడి, మసకబడి, పోయింది. మైనం పూశాం. నేను ఆత్రంగా తుడవబోతే చెయ్యి పట్టి ఆపారు. "ఆగు, ఇంకా ఆరలేదు." లారీ ఎదురుచూస్తోంది, అరగంటలో ఆ కారు అక్కడ ఉండదు, అయినా ఆయన తొందరపడలేదు. ముగ్గురం నిలబడి అది ఆరేదాకా చూశాం. వేలితో గీశారు. పొడిలా రాలింది. "ఇప్పుడు," అన్నారు. ఒక్కసారి తుడిచాను. అందులో మా ముగ్గురి మొహాలూ కనిపించాయి. నేను నోరు విప్పడానికి పదిహేనేళ్ళు వాడుకున్నాను, చివరికి కాలం మాకు మిగిల్చింది ఆ పది నిమిషాలే, అవే సరిపోయాయి.